చెఫ్ వృత్తి: కోర్సు కన్నా ముందు వంటశాల

ఇంటర్ ఫలితాలు వెలువడే రోజుల్లో విశాఖపట్నంలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రకటనలు కనిపిస్తాయి. తెల్లకోటు, పొడవాటి టోపీ ధరించిన యువకుడి బొమ్మ, దాని కింద విదేశాల్లో ఉద్యోగమనే హామీ, ఆ కింద ఫోను నంబరు ఉంటాయి. వంట మీద మనసున్న పిల్లలకూ, ఆ మనసును చూసి కొంత సంతోషించి ఎక్కువ కలవరపడే తల్లిదండ్రులకూ ఈ ప్రకటనలే మొదటి సమాచారం కావడం వల్ల, ఇంట్లో చర్చ ఏ కళాశాల, ఎంత ఫీజు అన్నచోట మొదలై అక్కడే ముగుస్తుంది. నిజానికి అది రెండో ప్రశ్న. ఏ రకం వంటశాలలో పనిచేయాలని ఉంది, ఆ పనిని రోజుకు తొమ్మిది, పది గంటలు నిలబడి చేయగలనా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే కోర్సు ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది. జవాబు లేకుండా లక్షలు కట్టి, మొదటి ఏడాదిలోనే పిల్లలు వెనక్కి వచ్చిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

ఇంట్లో రుచిగా వండగలగడం మంచి ఆరంభమే, కానీ వృత్తికి అది ఒక్కటే చాలదు. ఇంట్లో వండేవారు నలుగురికి, తమకు వీలైన వేళకు, చేతికందిన సరుకుతో వండుతారు. హోటల్లో అదే చేపల పులుసు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎవరు ఎప్పుడు అడిగినా పావుగంటలో బల్ల మీదికి రావాలి, సోమవారం ఉన్న రుచే శనివారమూ ఉండాలి, దానికైన ఖర్చు పైసలతో సహా ముందే తెలిసి ఉండాలి, తిన్నవారికి ఏ హానీ జరగకూడదు, ఇవన్నీ ఇరుకు జాగాలో, వేడిలో, మరో పదిమందితో కలిసి జరగాలి. చెఫ్ వృత్తిలో నేర్చుకోవలసినదంతా ఈ ఒక్క వాక్యంలో ఉందని నా అభిప్రాయం. వంటకాల సంఖ్య పెంచుకోవడం దాని తర్వాతే.

పెద్ద వంటశాలల్లో కనిపించే పని విభజన ఫ్రాన్సుకు చెందిన అగస్ట్ ఎస్కాఫియే రూపొందించినది. 1870 నాటి యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి వంట చేసిన ఆయన, 1890 నుంచి లండన్‌లోని సవాయ్ హోటల్ వంటశాలను నడుపుతూ, గందరగోళంగా ఉండే పనిని సైనిక క్రమశిక్షణతో విభాగాలుగా పంచారు. నేటికీ మన స్టార్ హోటళ్లలో ఆ వరుసే నడుస్తోంది. కొత్తగా చేరినవారు కామీ-3, అంటే అట్టడుగు మెట్టు సహాయ వంటవారి హోదాలో మొదలై కామీ-2, కామీ-1 మెట్లు ఎక్కుతారు. ఆ తర్వాత డీసీడీపీ అని పిలిచే డెమీ షెఫ్ డి పార్టీ, ఒక విభాగానికి పూర్తి బాధ్యుడైన సీడీపీ అనే షెఫ్ డి పార్టీ, వంటశాలను రోజువారీగా నడిపే సూ షెఫ్, అందరి పైన ఎగ్జిక్యూటివ్ చెఫ్ ఉంటారు. విభాగాలు కూడా వేర్వేరు: ఇండియన్, తందూర్, సౌత్ ఇండియన్, కాంటినెంటల్, చైనీస్, బేకరీ, మాంసం కోసే బుచరీ, సలాడ్ల వంటి చల్లటి పదార్థాల గార్డ్ మాంజే, పెళ్లిళ్లకు వండే బాంకెట్. ఎగ్జిక్యూటివ్ చెఫ్ స్థాయికి చేరడానికి సాధారణంగా పదిహేనేళ్లకు పైగా పడుతుందని, అక్కడికి చేరాక గరిటె పట్టే సమయం కన్నా మెనూ, కొనుగోళ్లు, మనుషుల షిఫ్టులు చూసే సమయమే ఎక్కువని ముందే తెలిసి ఉండడం మంచిది.

కామీ-3గా చేరినవారికి మొదటి నెలల్లో పొయ్యి దగ్గర చోటు దొరకదు. ఉదయం షిఫ్టుకు వచ్చి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాక, ముందు ఎదురయ్యేది సరుకు. ఉదాహరణకు రొయ్యలనే తీసుకుందాం. పొట్టు వలిచి, వెన్ను మీద కత్తి మొనతో సన్నగా గాటు పెట్టి, నల్లటి నరాన్ని తెగకుండా ఒక్క లాగుడులో బయటికి తీయాలి. గాటు లోతైతే వేగేటప్పుడు రొయ్య విచ్చుకుపోతుంది, పైపైన పెడితే నరం సగంలో తెగి ఇసుక పంటికింద తగులుతుంది. తలలు, పొట్టు పారేయకుండా రసం కాచడానికి వేరే గిన్నెలో వేయాలి. ఒలిచినవాటిని చిన్న, పెద్ద వేరు చేసి, మంచు మీద ఉంచి, డబ్బాపై తేదీ, సమయం, పేరు రాసి ఫ్రిజ్‌లో సరైన అరలో పెట్టాలి. పచ్చి మాంసం, చేప ఎప్పుడూ కింది అరలోనే ఉండాలి, ఎందుకంటే వాటి నీరు కింద ఉన్న కూరల మీదికి కారకూడదు. వంద రొయ్యలు అయ్యాక ఉల్లిపాయల బస్తా, ఆ తర్వాత కొత్తిమీర కట్టలు. ఈ ముందస్తు సన్నాహాన్ని వంటశాలల్లో మీజాన్‌ప్లాస్ అంటారు. సాయంత్రం ఏడు దాటాక ఆర్డరు చీటీలు, అంటే కేఓటీలు, వరసగా పడుతున్నప్పుడు ఏ వంటకం ఆలస్యమైనా దాని మూలం పొద్దున్న ఈ పనిలో జరిగిన లోపంలోనే కనిపిస్తుంది. అందుకే అనుభవమున్న చెఫ్‌లు కొత్తవారి చేతిరుచిని కాక, వారి కోసే పలక, కత్తి, గుడ్డ ఎంత శుభ్రంగా ఉన్నాయో చూస్తారు.

లెక్కల సంగతి చాలామంది యువతకు ఆశ్చర్యం కలిగిస్తుంది. వంజరం కిలో 800 రూపాయలు అనుకుందాం. ఐదు కిలోల చేపకు 4,000 రూపాయలు అవుతుంది. తల, మొప్పలు, పొట్టలోని భాగాలు, ముల్లు పోగా మూడు కిలోల మాంసం మిగిలిందంటే, వండడానికి పనికొచ్చే కిలో ధర 800 కాదు, సుమారు 1,333. ఒక్కొక్కరికి 150 గ్రాముల ముక్క పెడితే చేపకే 200 రూపాయలు, నూనె, మసాలా, పక్కన వడ్డించేవాటికి మరో 40. అమ్మకపు ధరలో ముడిసరుకు ఖర్చు 30 శాతం దగ్గర ఉంచాలనుకునే హోటల్ ఆ వంటకాన్ని 800 రూపాయలకు అమ్మాలి. ఇప్పుడు ముక్కలు కోసేవారు శ్రద్ధ లేక 180 గ్రాముల చొప్పున కోస్తే, ఇరవై మందికి రావలసిన చేప పదహారు మందికే సరిపోతుంది. నలుగురి అమ్మకం, అంటే 3,200 రూపాయలు, ఎవరికీ తెలియకుండా పోయినట్టే. కత్తిపనిలో పట్టింపు అందం కోసం మాత్రమే కాదని, తలకాయతో పులుసు పెట్టడం, ముల్లుతో రసం కాచడం పాత తరం పొదుపు మాత్రమే కాక ఆధునిక వంటశాల ఆదాయం కూడా అని ఈ లెక్క చెబుతుంది. పదో తరగతి స్థాయి శాతాలు వచ్చినవారికి ఇది కష్టం కాదు, కానీ అవి రానివారు కామీ-1 దాటి పైకి వెళ్లడం కష్టం.

భద్రత విషయంలో సడలింపు లేదు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారంలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి కాబట్టి చల్లనివి 5 కన్నా కింద, వేడివి 60 కన్నా పైన ఉంచాలి, కోడిమాంసం లోపలి భాగం 75 డిగ్రీలకు చేరాలి. మన తీరప్రాంతపు ఉక్కపోతలో బయట ఉంచిన అన్నం, రొయ్యల కూర ఎంత త్వరగా పాడవుతాయో ప్రతి ఇంటికీ తెలుసు. 2006 ఆహార భద్రతా చట్టం కింద ఏర్పడిన జాతీయ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఫోస్టాక్ పేరుతో స్వల్పకాలిక శిక్షణ ఇప్పించి ధ్రువపత్రం జారీ చేస్తుంది. తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో పూర్తయ్యే ఈ ధ్రువపత్రం చేతిలో ఉంటే, అనుభవం లేని అభ్యర్థి కూడా విషయాన్ని శ్రద్ధగా తీసుకున్నాడని యజమానికి అర్థమవుతుంది.

ఇదంతా చదివి తెలుసుకోవడం వేరు, ఒంటికి పట్టించుకోవడం వేరు. అందువల్ల పద్దెనిమిదేళ్లు నిండినవారు ఏ ఫీజూ కట్టకముందు కనీసం ఒక నెల నిజమైన వంటశాలలో గడపాలన్నది నా గట్టి సూచన. అది స్టార్ హోటలే కానక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించే టిఫిన్ సెంటర్లో పిండి పులిసే తీరు, పెనం వేడిని నీళ్లు చిలకరించి పసిగట్టడం, క్యూ కట్టిన జనం ముందు చేయి తడబడకుండా ఉండడం నేర్చుకోవచ్చు. పెళ్లిళ్ల క్యాటరింగ్‌లో వెయ్యిమందికి సరుకు చీటీ రాయడం, కొలత తప్పకుండా వండడం, వడ్డన వేళకు అన్నీ ఒకేసారి సిద్ధం చేయడం తెలుస్తుంది. బేకరీలో గ్రాముల పట్టింపు అలవడుతుంది. దోసె మాస్టర్, బిర్యానీ మాస్టర్, చైనీస్ మాస్టర్ అని మనం పిలుచుకునే వ్యక్తులకు పట్టాలు లేకపోవచ్చు, కానీ చేతిలో ఉన్న విద్యను ఏ కళాశాలా పూర్తిగా నేర్పలేదు. వారి దగ్గర లోటు ఒకటే: చాలాచోట్ల కొలతలు రాసి ఉండవు, పని ఎందుకు అలా చేస్తారో చెప్పే తీరిక ఉండదు. నేర్చుకునేవారు తామే ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రాత్రి ఇంటికి వచ్చాక గ్రాములు, నిమిషాలు రాసుకోవాలి. కాళ్ల నొప్పులు, కాలిన మచ్చలు, పండగనాడు సెలవు లేకపోవడం, మధ్యాహ్నం పంపించి సాయంత్రం మళ్లీ రమ్మనే బ్రేక్ షిఫ్టు, ఇవన్నీ చవిచూశాక కూడా మర్నాడు వెళ్లాలనిపిస్తే ఆ కోరిక మీద డబ్బు పెట్టవచ్చు.

ఇక చదువు విషయం. కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ మండలి కింద ఉన్న ఐహెచ్‌ఎంలలో, అంటే హోటల్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో, మూడేళ్ల బీఎస్సీ హాస్పిటాలిటీ అండ్ హోటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. జాతీయ స్థాయిలో జరిగే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మనకు హైదరాబాద్, తిరుపతి సంస్థలు గుర్తుకొస్తాయి కానీ, విశాఖ నుంచి రైలులో ఏడెనిమిది గంటల దూరంలో ఉన్న భువనేశ్వర్ ఐహెచ్‌ఎంను చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఈ డిగ్రీ వంట ఒక్కదానికే పరిమితం కాదు. వడ్డన, గదుల నిర్వహణ, ఫ్రంట్ ఆఫీస్ కూడా నేర్పుతుంది, ఒక సెమిస్టర్ హోటల్లో పనిచేయిస్తుంది. వంట మాత్రమే కావాలనుకునేవారికి ఇది లోపంలా తోస్తుంది, పదేళ్ల తర్వాత సొంత రెస్టారెంట్ పెట్టాలనుకునేవారికి ఇదే అక్కరకు వస్తుంది.

పదో తరగతితో ఆగినవారికి కూడా మార్గాలున్నాయి, వాటి గురించి ప్రకటనలు మాట్లాడవు. ఐహెచ్‌ఎంలలో వంట, కేకులు, పేస్ట్రీల తయారీ నేర్పే ఫుడ్ ప్రొడక్షన్ అండ్ పాటిస్సరీ క్రాఫ్ట్స్‌మన్‌షిప్ కోర్సు ఏడాదిన్నర ఉంటుంది, అందులో ఆరు నెలలు హోటల్లో శిక్షణ. ఐటీఐ ట్రేడుల జాబితాలో ఫుడ్ ప్రొడక్షన్ జనరల్ పేరుతో ఏడాది కోర్సు ఉంది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం హోటళ్లు కూడా అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. నేర్చుకుంటూనే ఎంతో కొంత ఇంటికి పంపవలసిన పిల్లలకు ఈ దారి అన్నిటికన్నా గౌరవప్రదమైనదని నేను నమ్ముతున్నాను. ఇంటర్ తర్వాత స్టైపెండ్ ఇస్తూ మూడేళ్లలో డిగ్రీ కూడా పూర్తిచేయించే ఒబెరాయ్ సంస్థ స్టెప్ కార్యక్రమం వంటివీ ఉన్నాయి, పోటీ మాత్రం తీవ్రం.

ప్రైవేటు సంస్థల్లో మంచివి లేకపోలేదు. అయితే చేరేముందు భవనాన్ని కాదు, వంటశాలను చూపించమని అడగాలి. ఒక్కో పొయ్యికి ఎంతమంది విద్యార్థులు, వారానికి ఎన్ని గంటలు స్వయంగా వండుతారు, సరుకు ఖర్చు ఫీజులోనే ఉందా, పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది, గత ఏడాది శిక్షణకు వెళ్లిన విద్యార్థులతో నేరుగా మాట్లాడనిస్తారా అన్న ప్రశ్నలకు సూటిగా సమాధానం రాకపోతే వెనక్కి తిరగడమే మేలు. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకూడదు. విదేశీ ఉద్యోగం పేరుతో డబ్బు అడిగే ఏజెంటు, 1983 ప్రవాస చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. అలా నమోదైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుం తీసుకోరాదు.

పట్టా ఉంటేనే పైకి వస్తారా అన్న సందేహానికి ఇద్దరి జీవితాలు చూస్తే చాలు. లఖ్‌నవూ వంటవారి కుటుంబంలో పుట్టి, చిన్ననాటి నుంచి పెద్దల దగ్గర పని నేర్చుకుని, ఐటీసీ హోటళ్లలో గ్రాండ్ మాస్టర్ చెఫ్ అయిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీ పూసా ఐహెచ్‌ఎంలో చదివిన సంజీవ్ కపూర్‌కు మరుసటి ఏడాది అదే గౌరవం దక్కింది. దారులు వేరైనా ఇద్దరూ ఏళ్ల తరబడి పెద్ద వంటశాలల్లో నిలబడి పనిచేసినవారే.

విశాఖ పిల్లలకు సముద్రం వైపు తెరిచి ఉన్న రెండు ద్వారాలు ప్రత్యేకంగా చెప్పుకోవలసినవి. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లోనే ఉన్నా, నౌకాదళం వంటవారిని కూడా నియమిస్తుందని చాలా ఇళ్లలో తెలియదు. అగ్నివీర్ ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) విభాగంలో పదో తరగతి అర్హతతో అవివాహితులను చెఫ్, వడ్డన చూసే స్టీవార్డ్, పారిశుద్ధ్యం చూసే హైజీనిస్ట్ పనులకు తీసుకుంటారు. మొదటి శిక్షణ ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో జరుగుతుంది. సేవాకాలం నాలుగేళ్లు, ఆ తర్వాత కొందరినే కొనసాగిస్తారు. రెండోది వాణిజ్య నౌకలు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒడంబడిక 2006లో కుదిరింది, భారత్ దాన్ని 2015లో ఆమోదించింది. దాని ప్రకారం నౌకలో వంటవారికి తగిన శిక్షణ, అర్హత ఉండాలి, పద్దెనిమిదేళ్లలోపువారిని ఆ పనిలో పెట్టకూడదు. ఇందుకోసం కొన్ని ఐహెచ్‌ఎంలలో ఆరు నెలల మారిటైమ్ కేటరింగ్ కోర్సు ఉంది, దానితోపాటు ప్రాథమిక భద్రతా శిక్షణ, సీడీసీ అనే నావికుల పత్రం అవసరం. నెలల తరబడి ఇంటికి దూరంగా, ఊగే వంటశాలలో, పలు దేశాలవారికి ఒకరో ఇద్దరో వండిపెట్టే పని ఇది. జీతం ఒడ్డున ఉన్న కామీ జీతం కన్నా బాగుంటుంది కాబట్టే మోసగాళ్లూ ఇక్కడే ఎక్కువ. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికులను నియమించే సంస్థలకిచ్చే లైసెన్సు, ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర రుసుం వసూలు చేయడం ఆ ఒడంబడికకే విరుద్ధం.

ఒడ్డున ఉండదలచినవారికి ఈ ప్రాంతమే ఒక పాఠశాల. వేకువనే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వేలంలో తట్టలు మారుతుండగా చేప కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కిన చోట గుంట వెంటనే పూడుతోందా అని చూసి నేర్చుకున్నవారికి కొనుగోళ్ల పాఠం వేరే అక్కరలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో వంజరం, చందువా ధరలు చేతికందవు. అప్పుడు మెనూలో ఏం మార్చాలి, చెరువు రొయ్యలు, పండుగప్ప వైపు ఎలా మళ్లాలి, ఎండుచేపను ఎలా వాడాలి అని ఆలోచించడమే చెఫ్ పని. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు మన ఇళ్లలో ఇష్టంగా తింటారు, పెద్ద హోటళ్ల మెనూల్లో మాత్రం అరుదు. వాటిని శుభ్రంగా, ముళ్ల భయం లేకుండా వడ్డించగల యువ చెఫ్‌కు ఇక్కడ ఎంతో చోటు ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ, మన్యంలో పండే సామలు, చోళ్లు, అనకాపల్లి బెల్లం, గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఇవి తెలియకుండా పాస్తా ఒక్కటే నేర్చుకుని బయటికి వెళ్లే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఏ దేశపు వంటశాలలోనైనా కొత్తవారిని మీ ఊరి వంట ఒకటి చేసి చూపించమని అడిగే సందర్భం తప్పకుండా వస్తుంది.

తల్లిదండ్రుల సంకోచం అర్థం చేసుకోదగినదే. ఇంత చదివించింది వంట చేయడానికా అన్న మాట వెనుక పరువు చింత ఎంత ఉందో, మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువన్న నిజమూ అంతే ఉంది. ఆ కాలంలో భోజనం, కొన్నిచోట్ల వసతి హోటలే ఇస్తుంది కాబట్టి చదువుకోసం పెద్ద అప్పు లేకపోతే నెట్టుకురావచ్చు, అప్పు ఉంటే కష్టం. కోర్సు ఫీజును మొదటి మూడేళ్ల జీతంతో పోల్చి చూడమని నేను చెప్పేది ఇందుకే. ఆడపిల్లల విషయంలో ఆందోళన రాత్రి షిఫ్టు గురించి ఉంటుంది. రాత్రి పని ముగిశాక ఇంటికి చేర్చే వాహనం ఉందా, దుస్తులు మార్చుకునే గది వేరుగా ఉందా, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉందా అని ఉద్యోగంలో చేరేముందే అడగడం వారి హక్కు.

పని అడగడానికి వెళ్లేటప్పుడు వేళ చూసుకోవాలి. మధ్యాహ్న భోజనాల రద్దీ తగ్గి రాత్రి సన్నాహం మొదలయ్యేలోగా, మూడు నుంచి ఐదు గంటల మధ్య, వంటశాల పెద్దలకు కాస్త తీరిక ఉంటుంది. బీచ్ రోడ్డు హోటలైనా, జగదాంబ దగ్గరి రెస్టారెంట్ అయినా ముందు ద్వారం నుంచి కాక, సెక్యూరిటీ దగ్గర పేరు రాసి సిబ్బంది ద్వారం నుంచి వెళ్లాలి. గోళ్లు కత్తిరించుకుని, జారని అడుగున్న మూసిన బూట్లు వేసుకుని, ఒక పేజీ బయోడేటా పట్టుకెళ్లాలి. వంటశాలల్లో ఒడిశా, బెంగాల్, ఉత్తరాఖండ్‌లవారు కూడా ఉంటారు కాబట్టి నాలుగు ముక్కల హిందీ, ఆర్డరు చీటీ చదవగలిగినంత ఇంగ్లిష్ ఉంటే మేలు. ఏ వంటకాలు వచ్చో ఏకరువు పెట్టడం కన్నా, ఒక రోజు పనిచేసి చూపిస్తాను, చూసి చెప్పండి సార్ అని అడగడం ఉత్తమం. ఆ రోజు ఉల్లిపాయలే ఇస్తారు. అన్నీ ఒకే మందాన తరిగి, పలక తుడిచి, తర్వాత ఏం చేయమంటారని అడిగినవారిని ఏ చెఫ్ అయినా గుర్తుపెట్టుకుంటాడు.